నర్సయ్య స్నానం నీళ్లు

కోరుట్లలో రాజమణి అనే ఆమె తన కిడ్నీ ఒకటి తీయించి మొగుడికి ఇచ్చింది. ఆ కిడ్నీని ఇంటి నల్లా నీళ్ల నుంచి కాపాడటం నా ఉద్యోగంలో నాకు అప్పగించిన చివరి పని. కాపాడలేకపోయాను.

ఈ మాట మొదటే ఎందుకు చెబుతున్నానంటే, చివర్లో ఏదో మంచి జరుగుతుందని మీరు ఆశతో చదవకూడదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. బదిలీలు, ప్రమోషన్లు, రిటైరైన రోజు కప్పిన శాలువా ఇందులో ఉండవు. పేర్లు మార్చాను. ధైర్యం చెప్పే మాటలు కావాలంటే ఇంకెవరి దగ్గరికైనా వెళ్లండి, నా దగ్గర మిగల్లేదు.

పని

నేను ఒక ఆస్పత్రి ల్యాబులో మైక్రోబయాలజిస్టును, చుట్టుపక్కల ఆస్పత్రులు పిలిచినా వెళ్లేదాన్ని. అంటే నీళ్లు పట్టుకొచ్చి, గాజు పళ్లేల్లో వేసి, వెచ్చగా ఉంచి, అందులో ఏం పెరుగుతుందో చూసేదాన్ని. ఆస్పత్రుల్లో నన్ను నీళ్ల మేడం అనేవాళ్లు. ఎక్కడికెళ్లినా ముందు నల్లా మూతి వాసన చూస్తానని వెనక నవ్వుకునేవాళ్లు. నిజమే, చూసేదాన్ని. పెళ్లిళ్లకు వెళ్లినా చేతులు కడిగే చోట ఆగిపోయి పైపును పరీక్షగా చూస్తుంటే, మా ఆయన నేనెవరో తెలియనట్లు ముందుకు నడిచిపోయేవాడు.

నీళ్లంటే మనవాళ్లకు ఉన్నది నోటి భయం ఒక్కటే. తాగితే విరేచనాలు, కామెర్లు, అంతవరకే. అందుకని తాగడానికి ప్లాంటు నుంచి డబ్బా నీళ్లు తెచ్చుకుంటారు. మిగతా అన్నింటికీ ఏ నీళ్లైనా నడుస్తాయి. కానీ పైపుల లోపల, ట్యాంకు అడుగున, షవర్ చిల్లుల్లో జిగురులా పట్టుకుని బతికే క్రిములు వేరే ఉన్నాయి. వాటికి నోటితో పని లేదు. షవర్ తుంపర్లలో కలిసి ఊపిరితో లోపలికి పోతాయి, పుండు మీద పడతాయి, మందు ఎక్కించే గొట్టం పక్కనుంచి దిగుతాయి. గట్టి మనిషిని ఏమీ చేయవు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను, ఒళ్లు కాలినవాళ్లను, కేన్సర్ మందులు వాడేవాళ్లను మాత్రం వదలవు. కిడ్నీ మార్పించుకున్నవాళ్ల సంగతి మరీ ఘోరం. ఒంట్లో ఉండే కాపలా కొత్త కిడ్నీని పరాయిదనుకుని దాని మీదికే పోతుందని, డాక్టర్లు మందులిచ్చి ఆ కాపలానే పడుకోబెడతారు. ఇంక ఏ క్రిమి వచ్చినా అడిగేవాళ్లు ఉండరు.

అలాంటి వాళ్ల కోసం నల్లా మూతికి, షవర్ కొసకు బిగించే ఫిల్టర్లు వచ్చాయి. లోపల క్రిమి దూరలేనంత సన్నని రంధ్రాల పొర ఉంటుంది. నీళ్లు దాటుతాయి, క్రిమి ఆగిపోతుంది. దాని నియమాలు కూడా పెద్దవేం కావు. డబ్బా మీద రాసిన గడువు దాటితే తీసి పారేయాలి. కడగకూడదు, మూతిని ముట్టుకోకూడదు, దానికి ఏమీ ఆనించకూడదు. రోగి ఒంటికి తగిలే ప్రతి చుక్కా దాని గుండానే రావాలి. పదో తరగతి పిల్లకైనా చెబితే తెలిసే సంగతులు. ఇంత సులువైన పనిలో నేను ఏళ్ల తరబడి ఓడిపోతూ వచ్చాను.

ఎందుకు ఓడిపోయానో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది వీర్నపల్లి దగ్గర పాత దొరల కుటుంబం. నేను పుట్టేనాటికి దొరతనం పోయింది, భూమి కూడా చాలావరకు పోయింది. అయినా మా నాన్న ఎవరికన్నా ఏదన్నా చెబితే "అట్లనే దొరా" అని తల ఊపేవాళ్లు. ఊపి, ఇంటికి పోయి, తమకు తోచింది చేసుకునేవాళ్లు. చిన్నప్పుడు అది మర్యాద అనుకున్నాను. ఉద్యోగంలోకి వచ్చాక అదే తల ఊపు నాకూ దొరికింది. "అట్లనే మేడం." అర్థమైందని దాని భావం కాదు, ఒప్పుకున్నామనీ కాదు. మీరు చెప్పడం అయిపోయింది కదా, ఇంక వెళ్లండి అని. పెద్దవాళ్ల ముందు మనవాళ్లు కట్టుకునే గోడ అది. ఆ గోడ అవతల ఏం జరుగుతుందో తెలుసుకోవడమే మీ అసలు ఉద్యోగం. మిగతాదంతా గాజు పళ్లేల పని.

జగిత్యాల

జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఉండేది. నెలలు నిండని పిల్లల వార్డులో జ్వరాలు ఆగడం లేదని నన్ను పిలిచారు. నర్సులు చేతులు కడిగే నల్లా నీళ్లలో క్రిమి దొరికింది. ఫిల్టర్ బిగించాం. అది ఎందుకో, ఎలా వాడాలో నర్సులందర్నీ నిలబెట్టి చెప్పాను. అట్లనే మేడం అన్నారు.

కొన్నాళ్లకు చెప్పకుండా వెళ్లాను. వార్డు బయట బాలింతల తల్లులు, అత్తలు సీసాలు పట్టుకుని వరుస కట్టి ఉన్నారు. లోపల ఒక పెద్దామె సీసా మూతిని ఫిల్టర్ మూతికి గట్టిగా ఆనించి, ఒక్క చుక్క కింద పడకుండా నింపుకుంటోంది.

"ఏం చేస్తున్నవమ్మా?" అన్నాను.

"తాగనీకి పట్టుకుంటున్న బిడ్డా. గీ నల్లాకు ఫిల్టర్ పెట్టిండ్రట గదా. మస్తు తీపున్నయి నీళ్లు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నర్సును పిలిచి కేకలేశాను. మరి మీరు చేతులు ఎక్కడ కడుగుతున్నారని అడిగితే, ఆ పిల్ల గది మూలనున్న పాత నల్లా చూపించింది.

"గంత మంచి నీళ్లు చేతులు గడుగుటానికి ఎందుకని మేడం... బయటోళ్లు గూడ అచ్చి అడుగుతున్రు. పసిపిల్లల తల్లులాయె. తాగే నీళ్లకు ఎవ్వరినన్న కాదంటమా?"

ఆ పిల్ల చెడ్డది కాదు. సోమరిది కూడా కాదు. దాహమని వచ్చినవాళ్లను కాదనకూడదని ఇంట్లో నేర్పి పెంచారు. అది చేసిన పని దానికి పుణ్యంగానే కనిపించింది. ఫిల్టర్ మూతికి ఊరందరి సీసాలు తగిలాయి, పిల్లల్ని ఎత్తుకునే చేతులు మాత్రం పాత నల్లా కిందే కడుక్కున్నారు. తప్పు చేసేవాళ్ల మీద అరవడం సులువు. మంచి చేస్తున్నామనుకుని చేసేవాళ్లను ఏం అనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆస్పత్రి నడిపే పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్లాను. మంచి పేరున్న మనిషి, పేదల దగ్గర ఫీజు కూడా గట్టిగా అడగడు. చాయ్ తెప్పించాడు. రెండు నల్లాల నీళ్లూ మళ్లీ తీస్తాను, పిల్లల రక్తంలో దొరికిన క్రిమి ఇదేనా కాదా తేలుద్దాం అన్నాను. ఆయన కప్పు కింద పెట్టి చాలా నెమ్మదిగా అన్నాడు.

"మేడం, మీరు దేవులాడితె దొరుకుతనే ఉంటయి. కొన్ని దినాలు దేవులాడకుండ్రి."

వెతకొద్దనే ఇంత సిగ్గులేని మాట నా జన్మలో వినలేదని ఆ రోజు అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన పైకి అన్నాడు గానీ మిగతా ఆస్పత్రులన్నీ లోపల అదే అనుకుంటాయని. ఆ వార్డులో ఒక పాప పోయింది. నీళ్ల వల్లనే పోయిందా? తెలియదు. వెతకలేదు కాబట్టి ఎవరికీ తెలియదు. తెలియకపోవడం ఎంత హాయిగా ఉంటుందో ఆ డాక్టర్ ముఖంలో చూశాను, అసహ్యం వేసింది. ఆ తర్వాత నన్ను అక్కడికి పిలవలేదు.

సిరిసిల్ల

సిరిసిల్లలో బట్టకు కొదవ లేదు. మగ్గాల దగ్గర మిగిలిన ముక్కలు ఇంటింటా ఉంటాయి. అక్కడి నల్లాలన్నీ మూతికి గుడ్డ కట్టుకుని ఉంటాయి. నలకలు రాకుండా అందరూ చేసే పనే, మన జిల్లాల్లో ఎక్కడైనా చూడొచ్చు.

కాలిన గాయాలవాళ్లను ఉంచే వార్డులో ఫిల్టర్లు బిగించి వచ్చాను. అక్కడ ఎల్లవ్వ అని ఒక ఆయా ఉండేది. వార్డులో అందరికంటే శుభ్రమైన మనిషి. చేతులు కాలిన పిల్లలకు తనే కలిపి అన్నం తినిపించేది. తల్లులు బయట ఏడుస్తుంటే లోపల ఈమె పిల్లల్ని నవ్వించేది. నేను మళ్లీ వెళ్లేసరికి ప్రతి ఫిల్టర్ మూతికీ తెల్లటి కొత్త బట్ట కట్టి ఉంది, దారంతో పొందికగా ముడి వేసి.

"ఇదేందవ్వా?" అన్నాను.

"ఫిల్టర్ ఎంత మంచిదైన మిషిని మిషినే గదా మేడం. ఏమన్న నలక అచ్చి పిలగాండ్ల పుండ్ల మీద పడితె? గుడ్డ గడితె ఇగ రంది లేదు. దినాం పిండుతున్న, ఎండకేస్తున్న."

తడిగుడ్డ క్రిములకు ఎంత ఇష్టమైన ఇల్లో మీకు చెప్పక్కర్లేదు. ఈసారి అరవలేదు. ఆమెను ఏమీ అనకుండా గుడ్డ ముక్క ఒకటి తెచ్చి ల్యాబులో పెట్టాను. పెరిగింది. ఆకుపచ్చగా, వాసనతో పెరిగింది. మాటలతో చెబితే తల ఊపుతారు కదా, కళ్లతో చూస్తే నమ్ముతారని ఆ పళ్లెం తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఎల్లవ్వ చాలాసేపు చూసింది. "గిది నా గుడ్డల నుంచే అచ్చిందా మేడం?" అంది. అవునన్నాను. గుడ్డలన్నీ విప్పేసింది. మళ్లీ ఎప్పుడూ కట్టలేదు. కానీ ఆ రోజు నుంచి పిల్లలకు అన్నం తినిపించడం కూడా మానేసింది. నేల తుడిచేది, దుప్పట్లు మార్చేది, మనిషిని మాత్రం ముట్టుకునేది కాదు. ఎందుకని అడిగితే చేతులు కొంగులో దాచుకుని, "నా చెయ్యి మంచిది గాదు మేడం" అంది.

ఎంత చెప్పినా వినలేదు. కొన్నాళ్లకు పని మానేసి వెళ్లిపోయింది. నేను ఆ వార్డులో క్రిమిని ఆపాను, ఆ పిల్లల నోటి దగ్గరి చేతిని కూడా ఆపాను. నిజం చెబితే మేలు జరుగుతుందని మనకు చదువుల్లో నేర్పుతారు. ఎల్లవ్వను చూశాక నిజం చెప్పే ముందు ఆగడం మొదలుపెట్టాను.

కోరుట్ల

నర్సయ్య గల్ఫ్‌లో చాలా ఏళ్లు పని చేశాడు. ఆ ఎండకు, సరిగ్గా నీళ్లు తాగే వీలు లేని పనికి రెండు కిడ్నీలూ పాడై ఇంటికొచ్చాడు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. కిడ్నీ ఇచ్చింది భార్య రాజమణి. తిరిగొచ్చాక ఇంట్లో నీళ్ల సంగతి చూడమని అక్కడి డాక్టర్లు నేను పనిచేసే ఆస్పత్రికి చెప్పారు, అలా నాకు ఆ ఇల్లు తెలిసింది.

మొదటిసారి వెళ్లినప్పుడు నర్సయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు, సన్నగా, కళ్లు మాత్రం హుషారుగా.

"మేడం, మా ఇంటామె ఇప్పుడు నా లోపల కూసున్నది," అన్నాడు. "ఇన్నొద్దులు బయటినుంచే తిట్టేది. ఇప్పుడు లోపలినుంచి గూడ మొదలువెట్టింది."

"నా కిడ్నీ పైలం," అంది రాజమణి. "దానికి ఏమన్న అయిందో, నీతోని ఊకునేది లేదు."

అలా ఒకరినొకరు ఆటపట్టించుకుంటుంటే చూడముచ్చటగా ఉండేది. పెళ్లయినప్పటి నుంచి కలిసి ఉన్న రోజులన్నీ పోగేస్తే సెలవుల లెక్కే. ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం చేయడం ఆ రోగం వల్లనే మొదలైంది.

ఇల్లు చూపించారు. గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇల్లు. పడకగదికి ఆనుకుని టైల్స్ బాత్రూం, షవర్, గీజర్. కోరుట్ల చుట్టుపక్కల ఇలాంటి బాత్రూంలు చాలా ఇళ్లలో చూశాను. మగమనిషి సెలవు మీద వచ్చినప్పుడు వాడేవి అవి. మిగతా కాలమంతా తలుపుకు గొళ్లెం. భార్యా పిల్లలు పెరట్లో నీళ్లు నింపి ఉంచే సిమెంటు గాబు దగ్గర చెంబుతో పోసుకుంటారు. ఎవరూ వద్దనరు, అయినా వాడరు. అది ఆయన బాత్రూం, ఆయన వచ్చేదాకా కొత్తగా ఉండాలి.

షవర్ తిప్పాను. ముందు గాలి వచ్చింది, తర్వాత తుప్పు రంగు నీళ్లు, తర్వాత ఆ వాసన. నెలల తరబడి పైపులో నిలవ ఉండి, మిద్దె మీద ట్యాంకులో ఎండకు వెచ్చబడిన నీళ్లు. క్రిమికి అంతకంటే మంచి చోటు దొరకదు. మీకు అబద్ధం చెప్పను, నాకు సంతోషం వేసింది. శత్రువు ఎక్కడున్నాడో చూడగానే తెలిసిపోయిన సంతోషం. ట్యాంకు కడిగించాను, పైపుల్లో నిలవ నీళ్లన్నీ వదిలించాను, క్లోరిన్ మందు వేయించాను, షవర్‌కు ఒక ఫిల్టర్, కింద నల్లాకు ఒక ఫిల్టర్ బిగించాను. రాజమణిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. నర్సయ్య స్నానం ఈ నీళ్లతోనే, ప్రతి చుక్కా ఈ ఫిల్టర్ నుంచే.

"అట్లనే మేడం," అంది.

ఆ మాట వినగానే నాకు అనుమానం రావాలి, వచ్చింది కూడా. అందుకే ఆ ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లాను, ముందు చెప్పకుండా వెళ్లాను. ఎప్పుడెళ్లినా ఫిల్టర్లు ఉన్నచోటే ఉన్నాయి. గడువు దాటకుండా మారుస్తోంది. ఎవరూ ముట్టుకోలేదు, గుడ్డ కట్టలేదు, సీసా ఆనించలేదు. సీసాలో నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేస్తే ఏమీ పెరగలేదు. నా ఉద్యోగమంతా కలిపి ఇంత చక్కగా నడిచిన ఇల్లు ఇంకొకటి లేదు. బోయినపల్లిలో కిడ్నీ మార్చుకున్న ఇంకొకరి ఇంటికి వెళ్లినప్పుడు, కోరుట్లలో ఒకామె ఉంది, ఆమెను చూసి నేర్చుకోండి అని చెప్పాను.

ఆ తృప్తితోనే రిటైరయ్యాను.

వానాకాలం ముగుస్తుండగా నర్సయ్యకు జ్వరం, దగ్గు మొదలయ్యాయి. ఏదో క్రిమి ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. హైదరాబాద్ తీసుకెళ్లారు. అక్కడినుంచి మనిషిగా తిరిగి రాలేదు. రాజమణి కిడ్నీ చివరిదాకా పని చేస్తూనే ఉందని డాక్టర్లు చెప్పారట. అదీ ఆయనతోపాటే కాలిపోయింది.

చేసి చూపించమనండి

పిల్లలూ, ఎవరింటికైనా వెళ్లినప్పుడు అర్థమైందా అని అడగకండి. ఆ ప్రశ్నకు మన దగ్గర ఒకటే జవాబు ఉంది. రోజూ ఎలా చేస్తావో చేసి చూపించమనండి. నల్లా తిప్పిన దగ్గర్నుంచి రోగి ఒళ్లు తుడిచేదాకా పక్కనే నిలబడి చూడండి. నీళ్లను పరీక్ష చేసినంత మాత్రాన స్నానాన్ని పరీక్ష చేసినట్లు కాదు. ఇది చెబితే ఎంతమంది వింటారో నాకు తెలుసు. మీకు ఇళ్లు ఎక్కువ, తిరగడానికి రోజులు తక్కువ. తల ఊపితే చాలని మీరూ వచ్చేస్తారు. అయినా చెబుతున్నాను, ఎందుకంటే నేను ఆ మాట రాజమణిని అడిగింది నర్సయ్య దినకర్మలు అయిపోయాక.

చుట్టాలందరూ వెళ్లిపోయారు. రాజమణి పెరట్లో గాబు పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. పక్కన కూర్చున్నాను.

"మీరు జెప్పినట్టే జేసిన మేడం," అంది. "ఒక్కనాడు గూడ తప్పలే. జొరమున్ననాడు గూడ ఆ నల్లా నీళ్లే."

"తెలుసు బిడ్డా."

"మరెట్లయింది మేడం?"

ఒంట్లో కాపలా లేనివాళ్లకు ఎక్కడినుంచైనా రావొచ్చు, గాలిలోనుంచి రావొచ్చు, ఆస్పత్రి నుంచే రావొచ్చు. అదే చెప్పాను, అది నిజం కూడా. ఆ తర్వాత ఏదో అడగాలి కాబట్టి, షవర్ కింద నిలబడగలిగేవాడా అన్నాను.

"షవర్ కింద ఏడ నిలవడ్డడు మేడం? ఆపరేషన్ అయినంక ఎప్పటికి సలి సలి అనేటోడు. గీడనే ఎండల పీట మీద కూసోబెట్టి నేనే పోసేదాన్ని."

ఎలా పోసేదానివో చూపించు బిడ్డా అన్నాను.

లేచింది. ఆయన లేకపోయినా ఆ పని చేయడానికి చేతులు ఎదురుచూస్తున్నట్లే లేచింది. ఫిల్టర్ నల్లా ధార సన్నగా వస్తుంది కదా, దాని కింద గిన్నె పెట్టి నిండేదాకా పక్కనే కూర్చునేదట. ఆ గిన్నె తెచ్చి పొయ్యి మీద పెట్టి మసలబెట్టేదట. "ఫిల్టర్ నీళ్లే అయిన గూడ మసలబెట్టిన మేడం, ఎందుకైన మంచిదని." ఖాళీ బకెట్ తెచ్చి పీట పక్కన పెట్టింది. గిన్నె వంచి పోసినట్లు చేసింది. తర్వాత పక్కకు వంగి, గాబు మీద మూత జరిపి, చెంబు ముంచి, చల్లనీళ్లు బకెట్లో పోసింది. ఇంకొక చెంబు. చేయి పెట్టి వేడి చూసినట్లు వేళ్లు తిప్పింది.

"గంత ఉడుకుడుకు నీళ్లు ఒంటి మీద పొయ్యరాదు గదా మేడం. చర్మం మెత్తగున్నదాయె. చెయ్యి వెట్టి సూసి, గోరెచ్చగైనంకనే పోసేదాన్ని."

మన ఇళ్లలో ఇలా చేయనివాళ్లు ఎవరు? మా అమ్మ నాకు ఇలాగే పోసింది, నా పిల్లలకు నేను ఇలాగే పోశాను. కలిపే చల్లనీళ్లు మనకు వేరే నీళ్లుగా తోచవు. అవి స్నానం నీళ్లు కావు, వేడి తగ్గించే నీళ్లు. వాటి సంగతి నాకు చెప్పాలని ఆమెకు తట్టలేదు, అడగాలని నాకు తట్టలేదు. ఫిల్టర్ డబ్బా మీద షవర్ బొమ్మ ఉంది, నల్లా బొమ్మ ఉంది. బకెట్ బొమ్మ లేదు. నేను ఆ బాత్రూంలోనే శత్రువును వెతుక్కుంటూ నిలబడ్డాను, స్నానం మాత్రం పెరట్లో జరిగింది.

గాబులోకి చూశాను. మూత ఉంది, గోడలకు సన్నగా పాచి ఉంది. అందరి ఇళ్లలో ఉండే గాబు లాంటిదే. అందులో ఆ క్రిమి ఉందో లేదో చూసి చెప్పలేం. నా సంచిలో ఎప్పుడూ ఒక శుభ్రం చేసిన సీసా ఉంటుంది, రిటైరైనా అలవాటు పోలేదు. చేయి దానంతటదే సంచిలోకి వెళ్లింది. నింపి ఎవరికైనా ఇస్తే కొద్ది రోజుల్లో తెలిసేది. నర్సయ్య ఊపిరితిత్తుల్లో దొరికిందీ ఇదీ ఒకటేనా అని అడిగితే కూడా చెప్పేవాళ్లు. సీసాను వేళ్లతో పట్టుకుని కాసేపు ఉండి, వదిలేసి చేయి బయటికి తీశాను. జగిత్యాల డాక్టర్ ముఖం గుర్తొచ్చింది. ఈసారి అసహ్యం వేయలేదు.

తల ఎత్తేసరికి రాజమణి చెంబు పట్టుకుని నన్నే చూస్తోంది. నా చూపు ఎక్కడెక్కడికి వెళ్లిందో అంతా చూసింది. బకెట్లోకి చూసింది, గాబులోకి చూసింది, మళ్లీ నా ముఖంలోకి చూసింది.

"ఏడ తప్పు జేసిన మేడం?" అంది.

కొంగులో దాచుకున్న ఎల్లవ్వ చేతులు నా కళ్ల ముందున్నాయి.

"ఏడ తప్పు చెయ్యలే బిడ్డా," అన్నాను. "అన్నీ సక్కగనే చేసినవు."

ఆమె చెంబును గాబు అంచు మీద బోర్లించింది. గాబు మీద మూత సరిగ్గా పెట్టింది. నా వైపు తిరిగి నెమ్మదిగా తల ఊపింది.

"అట్లనే మేడం," అంది.